ఇరవై కన్నా పెద్ద పదిహేడు

మా అత్తగారింట్లో ముగ్గురు మగవాళ్లూ ఒకే మాట మీద నిలబడటం, నేను కాపురానికి వచ్చిన ఏడాదిన్నరలో అదే మొదటిసారి. ఆ మాట "ఇరవై."

అంతకు ముందు కిటికీ తలుపులకు ఏ రంగు వేయాలన్నా, బీరువా ఏ గోడకు ఆనించాలన్నా మూడు అభిప్రాయాలు వచ్చేవి. మామగారు బట్టలకు రంగులద్దే మిల్లులో ముప్పై నాలుగేళ్లు బాయిలర్ నడిపి రిటైరయ్యారు. మా ఆయన అన్నయ్య, నాకు బావగారు, ఏసీ మెకానిక్. మా ఆయన ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తారు. ముగ్గురికీ వేడి సంగతీ చలి సంగతీ తెలుసు. తెలుసు కాబట్టే ఒకరి మాట ఒకరు వినరు. ఎవరు పట్టిన కుందేటికి వాళ్లు మూడే కాళ్లంటారు.

ఈసారి కుందేలు అత్తగారి గాజు షెడ్డు.

ఇంటి వెనక పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న షెడ్డు అది. గోడలూ గాజే, పైకప్పూ గాజే. ఇల్లు కట్టించినవాళ్లు దాన్ని ఎందుకు కట్టించారో తెలియదు కానీ, మావాళ్లు అందులో పాత సైకిళ్లూ కాళ్లు విరిగిన కుర్చీలూ పడేసేవారు. ఆరు నెలల కిందట అత్తగారు అవన్నీ బయటికి లాగించి, అద్దాలు తుడిపించి, బల్లలు వేయించారు. ఊరి పార్కుల ఆఫీసు నుంచి మూడు వేల పూలమొక్కల నారు కావాలని కాగితం వచ్చింది. అత్తగారు తన పేరు మీద ఒప్పుకున్న మొదటి పని అది. సంతకం పెట్టేటప్పుడు మామగారిని పెన్ను అడిగారు కానీ సలహా అడగలేదు.

విత్తనాలు మొలిచాయి. మొలకలను చిన్న చిన్న కుండీల్లోకి మార్చాం. మూడు వేల కుండీలు, ఒక్కోదాంట్లో గోరంత మొక్క, మొక్కకు రెండేసి ఆకులు. వాటికి పద్దెనిమిది డిగ్రీల వేడి ఉంటే హాయి. పది దాకా దిగినా ఒకటి రెండు రాత్రులు ఓర్చుకుంటాయి. ఐదు కన్నా తగ్గితే ఇక లేవవు. మళ్లీ విత్తుదామంటే గడువులోపు ఎదగవు. ఇంట్లోకి తెచ్చుకుందామంటే మూడు వేల కుండీలు పెట్టడానికి మనుషులు బయటికి పోవాలి. అప్పటిదాకా చలి అంతగా లేదు. సోమవారం పొద్దున రేడియోలో చెప్పారు, శుక్రవారం రాత్రి సున్నాకు రెండు డిగ్రీలు కిందికి పోతుందని. అత్తగారు రేడియో చెవి దగ్గరికి తెచ్చుకుని రెండోసారి కూడా విని, "హీటరు కావాలి," అన్నారు.

ఆ సాయంత్రం ముగ్గురూ లెక్కలు వేశారు. మామగారు పాత క్యాలెండర్ కాగితం వెనక వేశారు. బావగారు షెడ్డు చుట్టూ ఒకసారి నడిచొచ్చి, ఫోన్లో నాలుగు అంకెలు నొక్కి జేబులో పెట్టేసుకున్నారు. మా ఆయన షెడ్డు బొమ్మ గీసి, ప్రతి అద్దం కొలిచి, పైకప్పు వాలు కూడా వేసుకుని గంటన్నర కూర్చున్నారు. భోజనాల బల్ల దగ్గర మామగారు కళ్లజోడు తీసి జవాబు చెప్పారు.

"ఇరవై."

బావగారు గ్లాసు కింద పెట్టారు. "నాకూ ఇరవయ్యే."

మా ఆయన తన కాగితం ఒకసారి చూసి, మళ్లీ చూసి, "ఇరవయ్యే నాన్నా. సరిగ్గా ఇరవై," అన్నారు.

మామగారు పెద్దకొడుకు భుజం తట్టి, "చల్లగాలి అమ్ముకునేవాడివైనా వేడి లెక్క బాగానే కట్టావురా," అన్నారు.

"మీరు బొగ్గు రోజుల మనిషైనా పర్వాలేదు నాన్నా."

"ముగ్గురూ కలిశారంటే నాకెందుకో భయంగా ఉంది," అన్నారు అత్తగారు.

నేను జగ్గుతో మంచినీళ్లు పోస్తూ, "ఇరవై ఏంటి బావగారూ?" అని అడిగాను.

"హీటరమ్మా," అన్నారాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా గొంతు చిన్నది. ఆ ఇంట్లో నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అంటారు, ముద్దుగానే. రెండోసారి అడగలేదు.

మా ఊరి బళ్లో లెక్కల మాస్టారు జవాబు పక్కన కొలత రాయకపోతే సగం మార్కు కోసేవారు. "ఐదు ఏంటే? ఐదు గేదెలా, ఐదు గంటలా?" అని పుస్తకం మొహం మీదికి తోసేవారు. ఆ రాత్రి పడుకున్నాక ఆయన గుర్తొచ్చారు. కానీ ముగ్గురు పెద్దవాళ్లు, ముగ్గురూ పని తెలిసినవాళ్లు, ముగ్గురిదీ ఒకే అంకె. నాకెందుకులే అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం బావగారు వ్యానులో హీటరు తెచ్చారు. గ్యాసు మీద మండి వేడిగాలి ఊదే రకం. ఒక అద్దం తీసి, అక్కడ రేకు బిగించి, దాంట్లోంచి పొగగొట్టం బయటికి పెట్టారు. నాలుగు గంటలకు వెలిగించారు. పెట్టె వెనక అంటించిన చిన్న రేకు మీద ఇరవై వేలు అని ఉంది. ఆ పక్కన ఉన్న అక్షరాల మీద బావగారు గొట్టం పట్టీ బిగించేశారు.

అత్తగారు కుండీలకు నీళ్లు చల్లుతుంటే, నేను తిరగేసిన బకెట్ మీద కూర్చుని రెండు థర్మామీటర్లు చూశాను. ఒకటి లోపల బల్ల కాలికి కట్టాం, ఒకటి బయట తలుపు పక్కన మేకుకు తగిలించాం. పది నిమిషాలకోసారి నోటుబుక్కులో రెండు అంకెలు రాసుకున్నాను. నాకు అలాంటి పని ఇష్టం. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, పైగా పని చేసినట్టే ఉంటుంది.

మొదట్లో లోపలి పాదరసం బాగానే ఎక్కింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆరు గంటలకల్లా పదకొండు. అక్కడ ఆగింది. ఆరున్నరకూ పదకొండే. ఏడుకూ పదకొండే. బయట ఐదు.

"పదకొండు దగ్గర కూర్చుంది బావగారూ," అన్నాను.

"టైం పడుతుందమ్మా. అద్దాలు వేడెక్కాలి, బల్లలు వేడెక్కాలి. కొత్త పెళ్లికొడుకు కదా, అప్పుడే పని చెప్పొద్దు దానికి."

మామగారు వచ్చి గాలి ముందు అరచెయ్యి పెట్టి చూశారు. "వెచ్చగానే ఉంది. పొద్దుటికి చూడండి," అన్నారు.

పొద్దున్నే లేచి వెళ్లాను. రాత్రంతా హీటరు ఒక్క క్షణం ఆగకుండా ఊదింది. బయట నాలుగు, లోపల పది. నోటుబుక్కు తెరిచి చూసుకున్నాను. పదకొండులోంచి ఐదు తీస్తే ఆరు. పదిలోంచి నాలుగు తీస్తే ఆరు. అంటే ఆ హీటరు పూర్తి బలంతో ఊదితే, బయటి కన్నా ఆరు డిగ్రీలు ఎక్కించగలదు. అంతే. దానికి ఇంకో వారం టైమిచ్చినా అంతే.

అత్తగారు స్వెటరు గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. నా మొహం చూసి, "చెప్పు," అన్నారు.

"ఆరే ఎక్కిస్తోంది అత్తయ్యా."

"అయితే రేపు రాత్రి బయట మైనస్ రెండైతే?"

"లోపల నాలుగు."

ఆవిడ దగ్గర్లో ఉన్న కుండీలో ఒక ఆకు కింద వేలు పెట్టి, పసిపాప గడ్డం ఎత్తినట్టు కొంచెం ఎత్తి చూశారు. తర్వాత చీర చెంగు నడుముకు దోపి, ఇంట్లోకి నడిచారు. నేను నోటుబుక్కు పట్టుకుని వెనకాలే వెళ్లాను. బల్ల దగ్గర ముగ్గురూ కాఫీ తాగుతున్నారు.

"మా అమ్మాయి ఒకటి అడుగుతుంది. ముగ్గురూ జవాబు చెప్పండి, నవ్వకుండా," అన్నారు అత్తగారు.

నాకు చెవులు వేడెక్కాయి. ముందు మా ఆయన్నే అడిగాను, తేలిక కదా అని. "మొన్న మీరు ఇరవై అన్నారు. ఇరవై ఏంటి?"

"కిలోవాట్లు."

"మామయ్యా, మీ ఇరవై?"

"వేల కిలోక్యాలరీలు, గంటకి. బాయిలర్ అన్నాక ఇంకేముంటుంది? పదిహేడు వచ్చింది, జాగ్రత్తకి మూడు కలిపాను."

"బావగారూ?"

"ఇరవై వేల బీటీయూలమ్మా, గంటకి. ఏసీలు కొలిచే లెక్క. పన్నెండు వేలదాన్ని పన్నెండు మిషను అంటాం కదా, అదే. మా లైన్లో వేలు అని ఎవడూ అనడు, నోరు నొప్పి."

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయారు. మా ఆయన అప్పటికే కాగితం లాక్కుని రాస్తున్నారు. రాసేకొద్దీ కనుబొమలు పైకి పోతున్నాయి.

"అన్నయ్యా, ఒక కిలోవాట్ అంటే మూడు వేల నాలుగు వందల పన్నెండు బీటీయూలు. నువ్వు తెచ్చింది ఆరు కిలోవాట్లు కూడా లేదు."

మామగారు నోటిలెక్క వేశారు. "ఒక కిలోక్యాలరీకి నాలుగు బీటీయూలు. అంటే ఐదు వేలు. ఐదు వేల కిలోక్యాలరీలు మా మిల్లులో వాచ్‌మన్ గదికి పెట్టేవాళ్లంరా. వాడు అప్పుడు కూడా మఫ్లర్ తీసేవాడు కాదు."

"అంత గదికి నేనెప్పుడూ ఇరవయ్యే పెడతాను," అన్నారు బావగారు. "ఇంతవరకూ ఒక్కడు తిట్టలేదు."

"గోడలున్న గదికి పెట్టి ఉంటావు."

"దీనికి లేవా గోడలు?"

"గాజురా అవి. నువ్వు పోసిన వేడి పోసినట్టే బయటికి పోతుంది."

"మరి మీరిద్దరూ ఇరవై అన్నప్పుడు నోరు తెరిచి ఇరవై ఏంటో చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పొచ్చుగా."

"ఏనుగు దాహానికి చూరునీళ్లు తెచ్చి, చూరు ఎవరిదని కొట్టుకుంటున్నారు," అన్నారు అత్తగారు. "నాకు రేపు చీకటి పడేలోపు వెచ్చగా ఉండాలి. ఎవరి భాషలో వెచ్చగా ఉన్నా నాకు ఒకటే."

గొడవ అక్కడితో ఆగింది. మా ఆయన ఒక చీటీ మీద "అరవై ఎనిమిది వేల బీటీయూలు" అని రాసి అన్నయ్య చేతిలో పెట్టారు. "నా ఇరవై కిలోవాట్లు నీ భాషలో ఇంత," అని చెప్పి ఆఫీసుకు పోయారు. మామగారు పాత దుప్పట్లు, వార్తాపత్రికలు పోగేసుకుని షెడ్డులో పగుళ్లు కప్పడానికి వెళ్లారు. బావగారు ముందే ఒప్పుకున్న పని ఒకటి చూసుకుని వచ్చి, హీటరు విప్పి వ్యానులో ఎక్కించేసరికి మూడు దాటింది. ఆయన పక్కన అత్తగారు, ఆవిడ పక్కన నేను. దారిలో బావగారు రేడియో పెట్టలేదు.

షాపులో కౌంటర్ వెనక పొడుగ్గా ఉన్న మనిషి, చెవి వెనక పెన్సిలు. హీటరు వెనక్కి తీసుకుని మార్చి ఇవ్వడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు. బావగారు ఆయనకు పాత కస్టమరే. ఇబ్బంది ఇంకోటి.

"అరవై ఎనిమిదా? అంతది లేదే. ముప్పై వరకూ ఉన్నాయి. వంద కావాలంటే వచ్చే బుధవారం."

"బుధవారం నాటికి మా అమ్మ మొక్కలకు సంతాపం చెప్పుకోవాలి," అన్నారు బావగారు. "ఇంకేమీ లేదా?"

"వేరే కంపెనీది ఒక్క ముక్క ఉంది. కానీ అది చిన్నది. పదిహేడు."

"ఇరవై చాలదని తిరిగిస్తుంటే పదిహేడు చూపిస్తావేంటి? వెటకారమా?"

"ఉన్నది చెప్పాను అన్నా."

ఆ పెట్టె కింది అరలో ఉంది. తొమ్మిది, పన్నెండు అని రాసి ఉన్న చిన్న పెట్టెల తర్వాత, ఇరవై పెట్టెలకు ముందు. వరస తప్పకుండా సర్దిపెట్టారు. కానీ వరసలో ఉన్నవాటి కన్నా అది రెండింతలు పెద్దది, అర సరిపోక సగం బయటికి వచ్చి ఉంది. నేను మెల్లగా వెళ్లి దాని పక్కన కూర్చుని, ధూళి తుడిచి చూశాను. పదిహేడు వేల రెండు వందలు. దాని పక్కన బావగారి అక్షరాలు కావు, మామగారి అక్షరాలు. గంటకు కిలోక్యాలరీలు.

"బావగారూ, ఇది సరిపోతుంది," అన్నాను.

ఆయన షాపాయనతో ఇంకో ఊళ్లో దొరుకుతుందా అని మాట్లాడుతున్నారు. "ఊరుకోమ్మా. అది ఇంకా చిన్నది."

మామూలుగా అయితే ఊరుకునేదాన్నే. కానీ పక్కకు చూస్తే అత్తగారు కౌంటర్ అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు. రెండు చేతులతో, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు. గడియారం నాలుగు దాటింది. లేచి నిలబడి ఆవిడతోనే చెప్పాను.

"అత్తయ్యా, ఇరవై చెంచాల నీళ్లు ఎక్కువా, పదిహేడు గరిటెల నీళ్లు ఎక్కువా?"

షాపాయన పెన్సిలు తీసి నావైపు చూశాడు. బావగారూ తిరిగారు.

"గరిటె ఎంతుంది?" అన్నారు అత్తగారు.

"నాలుగు చెంచాలు పడుతుంది."

"అయితే అరవై ఎనిమిది చెంచాలు." ముప్పై ఏళ్లు వంటిల్లు నడిపిన మనిషి, ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

"మనం తిరిగిచ్చేది చెంచాలతో కొలిచింది. దీని మీద ఉన్నది గరిటెల లెక్క. మామయ్య కొలత. పొద్దున ఆయనే అన్నారుగా, ఒక కిలోక్యాలరీకి నాలుగు బీటీయూలని. బావగారూ, మీ తమ్ముడు రాసిచ్చిన చీటీలో ఎంతుంది?"

బావగారు చీటీ తీసి చూశారు. పెట్టె చూశారు. మళ్లీ చీటీ చూశారు. పెదవులు కదులుతున్నాయి, పదిహేడు నాలుగులు చెప్పుకుంటున్నట్టున్నారు.

"అరవై ఎనిమిది," అన్నారు చివరికి. "ఛ. నా ఇరవై కన్నా దీని పదిహేడు పెద్దది."

"మూడింతలకు పైనే అన్నా," అన్నాడు షాపాయన నెమ్మదిగా, అప్పుడే తనకీ తెలిసినట్టు. తర్వాత తల పట్టుకున్నాడు. "రెండేళ్ల నుంచి ఇది చిన్నదని చెప్పి చెప్పి అమ్మలేకపోయాను. ఇంత చిన్న హీటరుకు ఇంత పెద్ద పెట్టె ఎందుకని ఆ కంపెనీవాళ్లను తిట్టుకున్నాను కూడా."

"నేను తొమ్మిదేళ్లుగా ఇవే బిగిస్తున్నాను," అన్నారు బావగారు. "ఎవరికీ చెప్పకు."

"నువ్వు నా సంగతి చెప్పకు."

పెట్టె ఎత్తడానికి ఇద్దరూ చాలలేదు. నేనూ అత్తగారూ చెరో మూలా పట్టుకున్నాం. వ్యానులో కూర్చున్నాక బావగారు తాళం తిప్పబోయి ఆగి, "మొన్న భోజనాల దగ్గర నువ్వు అడిగింది ఇదే కదమ్మా," అన్నారు.

"అవును బావగారూ."

"గట్టిగా అడగొద్దూ?"

"అడుగుతుంది ఇకనుంచి," అన్నారు అత్తగారు నా బదులు.

అదృష్టం, ఆ రాత్రి మబ్బు పట్టి లోపల తొమ్మిది కన్నా దిగలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి బిగించడం అయింది. మామగారు రేకు చదివి, తన అక్షరాలు కనబడగానే మెడ నిటారుగా పెట్టారు. "ఎవరో చదువుకున్నవాళ్లు చేశారు దీన్ని," అన్నారు. అంతలోనే ముఖం మారింది. "కానీ పదిహేడే ఉంది. నేను ఇరవై అన్నాను. మూడు తక్కువ."

"ఆ మూడూ మీరు జాగ్రత్తకి కలిపినవి కదా మామయ్యా."

"జాగ్రత్త ఊరికే కలుపుతారా?"

మా ఆయన లెక్క ప్రకారం ఇరవై డిగ్రీలు ఎక్కుతుంది, బయట మైనస్ రెండైతే లోపల పద్దెనిమిది. కానీ పగిలిన అద్దాలున్నాయి, దుప్పట్లు కుక్కిన సందులున్నాయి. లెక్కలో లేని గాలి ఎంతో ఎవరికి తెలుసు? పొద్దు గుంకేటప్పటికి లోపల పద్దెనిమిది వచ్చింది, హీటరు తనంతట తాను ఆగి, మళ్లీ వెలుగుతోంది. ఆగడం చూస్తే ధైర్యంగా ఉంది. పెరడంతా అప్పుడే చలికి బిగుసుకుంటోంది. అత్తగారు తలుపు గట్టిగా వేసి, గడియ రెండుసార్లు చూసి, "ఇక దాని దయ," అని లోపలికి వచ్చారు. భోజనాల దగ్గర ఎవరూ ఒక్క అంకె కూడా ఎత్తలేదు.

తెల్లవారుతుంటే వంటింట్లో వెలుగు కనబడింది. అత్తగారు అప్పటికే బూట్లు వేసుకుని కూర్చుని ఉన్నారు. నాకోసమే ఆగినట్టున్నారు. ఇద్దరం పెరట్లోకి వెళ్లాం. గడ్డి తెల్లగా ఉంది, నడుస్తుంటే కాళ్ల కింద కరకరలాడింది. తలుపు పక్కన థర్మామీటరు మైనస్ మూడు చూపిస్తోంది. రేడియో చెప్పినదాని కన్నా ఒకటి ఎక్కువ చలి. అత్తగారు అది చూసి గడియ తీశారు.

ఎదురుగా వచ్చిన వేడికి ఆవిడ కళ్లద్దాలు తెల్లబడిపోయాయి. తుడుచుకోకుండా గుమ్మంలోనే నిలబడి, "ఎంత?" అన్నారు.

బల్ల కాలి దగ్గర వంగి చూశాను. "పదిహేడు డిగ్రీలు అత్తయ్యా."

ఆవిడ కళ్లజోడు తీసి చెంగుతో తుడుచుకున్నారు, కొంచెం ఎక్కువసేపే. తర్వాత మొదటి వరస నుంచి చూడటం మొదలుపెట్టారు. ప్రతి కుండీ. వంగిన మొక్క ఒక్కటీ లేదు. మూలన, పగిలిన అద్దం కింద నాలుగింటికి ఆకు అంచులు నల్లబడ్డాయి. వాటిని తీసి హీటరు దగ్గరికి మార్చారు. "వీటికి కాస్త పొయ్యి పక్కన చోటివ్వాలి, జలుబు చేసింది," అన్నారు.

అప్పటికి ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. మామగారు బయటి అంకె, లోపలి అంకె చూసి, "చూశారా, ఒక డిగ్రీ తగ్గింది. నా మూడూ ఉంటే తగ్గేది కాదు," అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు. బావగారు చెయ్యి హీటరు మీద పెట్టి దాన్ని మెచ్చుకున్నట్టు తట్టారు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఆవలిస్తున్నారు.

"లోపలికన్నా రా, బయటికన్నా పో," అన్నారు అత్తగారు, తల ఎత్తకుండానే. "తలుపు తెరిచి పెట్టి పెరడంతా వెచ్చబెడతావా?"

ఆయన లోపలికి వచ్చి తలుపు వేశారు. అత్తగారు ఒక కుండీని వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నారు. రెండు ఆకుల మధ్య, గింజంత పచ్చగా, ఇంకోటి పొడుచుకొస్తోంది. పక్కదాంట్లోనూ ఉంది. ఆ పక్కదాంట్లోనూ. ఆవిడ స్వెటరు విప్పి బల్ల మీద పడేసి, జాకెట్ చేతులు పైకి మడుచుకున్నారు.

"అమ్మాయ్, ఆ నీళ్ల డబ్బా ఇటు తే," అన్నారు. "గోరువెచ్చటివి కలుపు. ఆకలి మీదున్నాయి ఇవి."